మా కారు మొదటిసారి గొంతెత్తింది

కొన్న ఆర్నెల్ల నుంచీ మా సెకండ్‌హ్యాండ్ కారు ఇంజన్ గొప్పతనాన్ని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతున్నాను. వేగం పెరిగితే వాల్వులు తెరుచుకునే తీరు మారిపోతుందని, ఇంజన్ గుండెనిండా గాలి పీల్చుకుంటుందని. అయితే పెట్రోలు ఖర్చు భయంతో నేను నడిపినన్నాళ్ళూ ఆర్పీఎం ముల్లు మూడువేలు దాటలేదు.

ఈ రోజు మధ్యాహ్నం బ్రిస్బేన్ నుంచి మా ఊరు టూవూంబాకి తిరిగి వస్తున్నాం. మా ఆవిడ శిరీష నర్సు. డ్యూటీకి టైమైపోతోందని తనే నడిపింది. టూవూంబా కొండ ఎక్కుతుంటే మా ముందు పశువుల లారీ ఒకటి నత్తలా పాకుతోంది. పక్క లేన్ ఖాళీ కాగానే శిరీష యాక్సిలరేటర్ గట్టిగా తొక్కింది. ముల్లు ఆరువేల దగ్గరికి వెళ్ళేసరికి ఇంజన్ ఉన్నట్టుండి గొంతు మార్చి గర్జించింది.

నేను డాష్‌బోర్డు పట్టుకుని అరిచాను. "ఆపు, ఆపు! ఇంజన్‌లో ఏదో పోయింది! వెంటనే పుల్ ఓవర్ చెయ్!"

శిరీష లారీని దాటేశాక తాపీగా అంది. "ఏం పోలేదండీ. మీరు ఆర్నెల్లుగా అందరికీ క్లాసు పీకుతున్న వాల్వ్ టైమింగ్ ఇదే. పాపం, దానికి ఫస్ట్ టైమ్ పని దొరికింది."

తను డ్యూటీకి నాలుగు నిమిషాల ముందే చేరింది. ఇకపై ఇంటికొచ్చినవాళ్ళకి ఇంజన్ గురించి తనే చెబుతుందట. మీ ఇంట్లో గొప్పలు చెప్పేదెవరు, నిజంగా తొక్కేదెవరు?