కప్పులకు దడిసే వడ్రంగి

మా మేనమామకు ఇంటి కప్పులంటే భయం. ఆయన చేసే పని పాత కప్పులు బాగుచేయడం. ఏ ఇంటికి వెళ్లినా గుమ్మం బయటే ఆగి, పైకి చూసి, "ఇది మనల్నే చూస్తోందే," అనేవాడు నాతో. అత్తవారింట్లో మొదటిసారి భోజనానికి కూర్చోబెడితే, దూలం సరిగ్గా అల్లుడి నెత్తిమీదే ఉందని కంచం పట్టుకుని గుమ్మంలోకి జరిగాడట.

కొలతలు తీసి పటాలు గీయడానికి నేను ఆయన వెంట వెళ్లేదాన్ని. ఒక ఏడాది వానలు వెలిశాక, ధాన్యపు కొట్టు కప్పు బాగుచేయాలని ఒక పాత రైతు లోగిలి నుంచి పిలుపు వచ్చింది. మధ్యలో రాళ్లు పరిచిన విశాలమైన వాకిలి. ఎదురుగా ఇల్లు, ఒక పక్క పశువుల కొట్టం, ఇంకో పక్క రెండంతస్తుల ధాన్యపు కొట్టు, మేం వచ్చిన వైపు నిండు బండి పట్టేంత ద్వారం. తలుపులన్నీ వాకిట్లోకే తెరుచుకుంటాయి. బయటి గోడలకు ఒక్క కిటికీ లేదు. దొంగలకు జడిసి అలా కట్టారని మావయ్య తేల్చాడు. "కట్టినవాడు మనవాడేనే," అని మురిసిపోయాడు.

ఆ లోగిలిని నడిపేది ఒక రైతమ్మ. ఆవిడ గొంతు వింటే ఆవులు కూడా సర్దుకుని నిలబడేవి. ఆవిడ వంటింటికీ ధాన్యపు కొట్టుకూ మధ్య గోడ ఒక్కటే. తడిసి తడిసి అది వంటింటి వైపు పొట్ట ఉబ్బింది. మావయ్య గోడలో కనబడిన పగులు మీద అడ్డంగా ఒక కాగితం అంటించాడు. మర్నాడు పొద్దునకు అది చిరిగి ఉంది. గోడ కదులుతోంది. అంతకుముందు ఇద్దరు మేస్త్రీలు ఆ మాటే చెబితే, మా ముత్తాత కట్టిన గోడకు వంక పెడతారా అని ఆవిడ వాళ్లను తరిమేసిందట.

మావయ్య గోడ ఊసే ఎత్తలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మగారూ, కొట్టులోకి ఒంటరిగా వెళ్లాలంటే నాకు భయమండీ. మీరు వాకిట్లో కూర్చుని మాట్లాడుతూ ఉంటే ధైర్యంగా ఉంటుంది."

"అంత మీసాలున్నాయి కదయ్యా."

"అవి మీకు కనపడతాయండీ, నాకు కనపడవు."

ఆ పూటే పొయ్యి వాకిట్లోకి వచ్చింది. ఆవిడ అక్కడే కూరలు తరుగుతూ, అక్కడే వండుతూ, మావయ్యను తిడుతూ ఉండేది. తిట్లు ఆగితే చాలు, ఉన్నారా అని ఈయన లోపలి నుంచి కేకేసేవాడు. కప్పు బరువు గోడ మీద పడకుండా ఒక్కొక్క గుంజే నిలబెట్టేవాడు. నేను కొలతలకు వెళితే పైనుంచి మట్టి నెత్తిన రాలేది. రోజూ కొత్త కాగితం, రోజూ చిరుగు. నాకు అన్నం సయించేది కాదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆవిడకు ఉప్పు కావలసివచ్చి వంటింటి వైపు నడిచింది. గోడలోంచి పటపటమని చప్పుడు. మావయ్య కొట్టులోంచి పరుగెత్తుకొచ్చి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుని వాకిట్లో చతికిలబడ్డాడు.

"కళ్లు తిరుగుతున్నాయమ్మా, వెళ్లకండి."

ఆవిడ విసుక్కుంటూ పక్కనే కూర్చుంది. విసుగు పూర్తికాకముందే గోడ వంటింట్లోకి కూలింది. వాకిలంతా దుమ్ము కమ్మింది. కొట్టంలో ఆవులు పలుపులు తెంచుకునేలా అరిచాయి. దుమ్ము తగ్గాక చూస్తే, కప్పు గుంజల మీద చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. వంటగట్టు మీద నడుమెత్తు మట్టి.

నిజంగానే కళ్లు తిరిగాయా అని ఇంటికి వచ్చే దారిలో మావయ్యను అడిగాను.

"పన్నెండు రోజులు ఆ గోడ కిందే ఉన్నవాణ్ణి, ఇవాళ కొత్తగా ఎందుకు తిరుగుతాయే?"

మరి ఆవిడకు ఉన్నమాట చెప్పవచ్చుగా అన్నాను. భయపడమంటే ఎవరూ వినరు, ధైర్యం చెప్పమంటే ఎవరైనా వస్తారు అన్నాడు.

ఆవిడ మాత్రం ఈనాటికీ కనపడినవాళ్లందరికీ చెబుతుంది, తాను పట్టుకుని కూర్చోబెట్టకపోతే ఆ పిరికి వడ్రంగి గోడ కింద పోయేవాడని. మావయ్య అక్కడే ఉంటే, "అవునండీ, అంతా అమ్మగారి చలవే," అంటాడు.