రాజమల్లు స్కూటర్

రాజమల్లు ఫైనల్ మ్యాచ్ అమ్ముకున్నాడని నాంపల్లిలో అందరూ అంటారు. ఎప్పటి సంగతో అయినా మొన్న జరిగినట్టే చెప్పుకుంటారు. చాదర్‌ఘాట్ టీం వాడు బంతి తీసుకుని మీదికి వస్తుంటే రాజమల్లు కరెంటు స్తంభంలా నిలబడిపోయాడట. బంతి అతని పాదాన్ని రాసుకుంటూ పోయిందట. కాలు ఇంత కూడా కదపలేదట. ఆ ఒక్క గోలుతో ఉదయ్ స్పోర్టింగ్ క్లబ్బు కప్పు పోగొట్టుకుంది. తెల్లారేసరికి రాజమల్లు మొజంజాహీ మార్కెట్ ముందు కొత్త స్కూటర్ మీద కనబడ్డాడట. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఈ కథ చెప్పేవాళ్ళలో సగం మంది అప్పటికి పుట్టనే లేదు. అయినా స్కూటర్ రంగు మాత్రం చెప్తారు. ఒకరు నీలం అంటారు, ఒకరు ఆకుపచ్చ అంటారు.

రాజమల్లు భార్య యాదవ్వ ఈ కథను ఎన్నో చోట్ల విన్నది. నల్లా దగ్గర విన్నది, పెళ్ళిలో భోజనాల బంతిలో విన్నది. ఆబిడ్స్‌లో విద్యావతి చీరల దుకాణానికి ఆమె ఫాల్స్ కుట్టి ఇస్తుంది. అక్కడ కూడా విన్నది. దుకాణంలో విన్నప్పుడల్లా సూది పళ్ళ మధ్య పట్టుకుని దారం తెంపుకుంటూ కూర్చునేది. ఎవరేమన్నా మాట్లాడొద్దని భర్త పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడు.

రాజమల్లు లక్డీకాపూల్‌లో ఒక సర్కారు ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. మనిషి పొడుగు. కుడికాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు. ఎంత ఎండాకాలమైనా సాక్సులు విప్పడు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, ఆబిడ్స్‌లో మొబైల్ రిపేరు దుకాణం నడిపే విజయేందర్ దగ్గరికి పోవడం మొదలుపెట్టాడు. విజయేందర్‌కు ఫుట్‌బాల్ పిచ్చి. దుకాణం పైన ఉన్న గదిలో గోడకు ఒక దుప్పటి కట్టి, దాని ముందు కుర్చీ వేసి, ప్రతి ఆదివారం రాజమల్లు చేత ఆటల గురించి మాట్లాడించి ఫోన్లో లైవ్ పెట్టేవాడు. దానికి 'గ్రౌండ్ ముచ్చట' అని పేరు పెట్టాడు.

ఇంట్లో పది మాటలు మాట్లాడని మనిషి ఆ కుర్చీలో కూర్చుంటే ఆగేవాడు కాదు.

"ఉదయ్ స్పోర్టింగ్ డిఫెన్స్ ఎట్లున్నదంటే, మన నాంపల్లి స్టేషన్ లెక్కున్నది. వచ్చేటోడు వస్తడు, పోయేటోడు పోతడు, టికెట్ అడిగెటోడు లేడు" అనేవాడు. చూసేవాళ్ళు పడిపడి నవ్వేవాళ్ళు. మిగతా టీంల గురించి కూడా చెప్పేవాడు గానీ, తిరిగి తిరిగి తన పాత క్లబ్బు మీదికే వచ్చేవాడు. ఎక్కడ మొదలుపెట్టినా ఆఖరుకు ఒకే మాట. "జనార్దన్, ముందుగాల ఆ బకెట్ తీసెయ్యి."

జనార్దన్ ఇప్పుడు క్లబ్బు సెక్రటరీ. ఆ బకెట్ వాళ్ళ నాన్న గోపాలరావు సెక్రటరీగా ఉన్ననాటిది. మార్కెట్లో ఐస్‌క్రీం తిప్పేవాళ్ళు ఐసులో గళ్ళుప్పు కలుపుతారు. ఉప్పు పడితే ఐసు ఇంకా చల్లబడుతుంది. గోపాలరావు అది చూసి, ఆ ఐసూ ఉప్పూ తెప్పించి ఒక పెద్ద ఇనుప బకెట్లో పోయించేవాడు. పెద్ద మ్యాచ్ ఉన్న రోజు దెబ్బ తగిలిన ఆటగాడు అందులో మోకాలి దాకా కాలు పెట్టాలి. ముందు కోస్తుంది, తరవాత మండుతుంది, ఆ తరవాత ఏమీ ఉండదు. అప్పుడు కెప్టెన్ వచ్చి తాళంచెవితో బొటనవేలు గుచ్చి, "తెలుస్తున్నదా?" అని అడుగుతాడు. "లేదు" అంటే బూటు తొడుగుతారు. ఆ గదిలో జరిగింది గదిలోనే ఉండాలి. ఉదయ్ స్పోర్టింగ్ ఆటగాడు కుంటుతూ గ్రౌండ్ బయటికి రాడని క్లబ్బుకు పెద్ద పేరు.

రాజమల్లు మాటలు ఫోన్లలో తిరగసాగాక ఒక సాయంత్రం జనార్దన్ ఆపిల్ పండ్లు పట్టుకుని ఇంటికి వచ్చాడు. యాదవ్వ చాయ్ పెట్టి తలుపు పక్కన నిలబడింది.

"మల్లన్నా, క్లబ్బు నీకు తల్లి లెక్క. తల్లిని బజార్ల పెడ్తవా?"

"తల్లి ఐతే పిల్లగాని కాలు బకెట్ల పెట్టదు జనార్దన్."

"నీ ఆట బందయినంక మా నాయిననే నీకు నౌకరి ఇప్పిచ్చిండు. యాది మరిచినవా?"

"మరువలే. గందుకే ఇన్నేండ్లు నోరు మూసుకున్న."

జనార్దన్ చాయ్ సగం తాగి కప్పు కింద పెట్టాడు. "నీ ఇష్టమన్నా. కానీ నువ్వు మాకు సుద్దులు చెప్తుంటే జనం నీ స్కూటర్ సంగతి అడుగుతరు. నేను ఎంతమంది నోర్లు మూస్త చెప్పు?"

అతను పోయాక రాజమల్లు ఆపిల్ పండ్ల సంచిని వాకిట్లో పెట్టి వచ్చాడు. యాదవ్వ దాన్ని మళ్ళీ లోపలికి తెచ్చింది. పండ్లేం పాపం చేశాయని ఆమె బాధ.

ఆ ఏడాది ఉదయ్ స్పోర్టింగ్ మళ్ళీ ఫైనల్‌కు వచ్చింది. అవతల మళ్ళీ చాదర్‌ఘాట్ టీమే. ఉదయ్ టీంలో వెనక ఆడేవాడు వెంకీ. వీళ్ళ గల్లీలోనే, రెండిళ్ళ అవతల తల్లితో ఉంటాడు. సెమీఫైనల్లో అతని మోకాలు తిరిగిపోయింది. నాలుగు రోజుల తరవాత, రాజమల్లు ఇంట్లో లేని సమయం చూసుకుని, గోడ పట్టుకుంటూ వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, పెద్దబాపుకు జర చెప్పరాదే. ఈ ఒక్క ఆదివారం నా పేరు ఎత్తొద్దను."

"మోకాలు గట్ల ఉబ్బింది గదరా. ఎట్ల ఆడ్తవ్?"

"బకెట్ ఉన్నది గదా" అన్నాడు వెంకీ నవ్వుతూ. మళ్ళీ తనే నవ్వు ఆపేశాడు. "కప్పు గెలిస్తే సర్టిఫికెట్ వస్తది పెద్దమ్మా. సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాల నౌకరి. వయసు దాటిపోతున్నది నాకు. పెద్దబాపు లైవ్‌ల లొల్లి చేస్తే ఆళ్ళు భయపడి నన్ను కూసోబెడ్తరు."

సాయంత్రం యాదవ్వ ఆ మాట భర్తకు చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమెకు కోపం వచ్చింది.

"నీకు నౌకరి ఎట్లొచ్చింది? కాలు పెడితెనే గదా వచ్చింది. గా బువ్వనే తిన్నం గదా ఇన్నేండ్లు. ఇయ్యాల ఆ పోరడు తినబోతే నీకేమైంది?"

"ఔ, తిన్నం" అన్నాడు రాజమల్లు. సాక్సు మీద నుంచే పాదం రాసుకున్నాడు. "నాది చర్మం పోయింది. ఆనిది మోకాలు, యాదీ. మోకాలు పోతే ఏ నౌకరిల తీసుకుంటరు?"

ఫైనల్ ఉన్న ఆదివారం ఆయనతో పాటు యాదవ్వ కూడా విజయేందర్ దుకాణానికి పోయింది. ఇదివరకెప్పుడూ పోలేదు. పై గది గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. విజయేందర్ మనిషి గ్రౌండ్ నుంచి ఆట చూపిస్తున్నాడు. గోడకు ఆనించిన టీవీలో అది కనబడుతోంది. రాజమల్లు చూస్తూ మాట్లాడుతున్నాడు.

మొదటి సగం ఇంకా అయిపోలేదు. రాజమల్లు మాట్లాడుతున్నవాడల్లా ఆగి టీవీకి దగ్గరగా జరిగాడు.

"వెంకీని చూడున్రి. బంతిని చూస్తలేడు. కిందికి చూస్తుండు. కాలు యాడున్నదో కండ్లతోని ఎతుక్కుంటుండు." ఆయన ఫోన్ వైపు తిరిగాడు. "జనార్దన్, ఇంటున్నవా? ఆ పిల్లగాన్ని బయటికి తియ్యి. కాళ్ళు మొక్కుత, తియ్యి."

కామెంట్లు వరసగా పడసాగాయి. విజయేందర్ ఫోన్ వంక చూసి మొహం తిప్పుకున్నాడు.

"సదువు" అన్నాడు రాజమల్లు.

"వద్దన్నా."

"సదువయ్యా, నాకేమన్న కొత్తనా?"

"స్కూటర్ సర్వీసింగ్‌కు ఇచ్చినవా అంటుండు ఒకడు. ఇంకొకడు, చాదర్‌ఘాటోళ్ళు ఈసారి కారు ఇస్తరా అని."

రాజమల్లు కుర్చీలో వెనక్కి వాలాడు. అన్నేళ్ళుగా దాచుకున్న మాటను అప్పుడన్నాడు. "ఆ దినం నా కాలు గూడ బకెట్లనే పెట్టిన్రు. బంతి తగిలింది గూడ నాకు తెల్వలే." చెప్పి ఫోన్ వైపు చూశాడు, ఎవరైనా ఏమైనా అంటారేమోనని. నవ్వుతున్న బొమ్మలు వచ్చాయి. ముప్పై ఏళ్ళకు కథ బాగా అల్లావని ఎవరో రాశారు. విజయేందర్ అది చదవలేదు గానీ, తెర మీద అందరికీ కనబడుతూనే ఉంది.

వెంకీని తీయలేదు. రెండో సగంలో చాదర్‌ఘాట్ వాడు బంతితో మీదికి వచ్చాడు. వెంకీ అడ్డం కాలు పెట్టాడు. ఇద్దరూ పడ్డారు. బంతి మెల్లగా గోలులోకి దొర్లింది. చాదర్‌ఘాట్ వాడు కేకలు వేస్తూ పరుగెత్తాడు. వెంకీ లేచి నిలబడ్డాడు.

అతను లేవడాన్ని గదిలోవాళ్ళు చూడలేకపోయారు. మోకాలి కింద కాలు పక్కకు తిరిగి ఉంది. దాని మీదే బరువు వేసి రెండడుగులు నడిచాడు. మొహంలో నొప్పి లేదు. అవతలి టీం వాళ్ళే పరుగున వచ్చి అతన్ని పట్టుకుని పడుకోబెట్టారు. అప్పుడు గానీ అతను తన కాలు చూసుకోలేదు.

విజయేందర్ లైవ్ ఆపేశాడు. యాదవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టీవీలో గ్రౌండ్ కనబడుతోంది గానీ, ఆమె కళ్ళ ముందు తన పాత ఇంటి వాకిలి ఉంది. ఫైనల్ ఓడిన ఆ సాయంత్రం కొత్తగా పెళ్ళయిన రాజమల్లు ఇంటికి వచ్చి పాదం చాచాడు. ముట్టుకుంటే శవం పాదంలా ఉంది. కాపడం పెడదామని ఆమె నీళ్ళు కాచి తెచ్చింది. గాభరాలో చెయ్యి పెట్టి చూడలేదు. చెంబుతో పోస్తూ ఉంది. పొగలు వస్తున్నాయి. రాజమల్లు ఆమె వైపు అమాయకంగా చూసి, "పోస్తున్నవా?" అని అడిగాడు. తుడుస్తుంటే తోలు తువ్వాలకు అంటుకుని వచ్చింది.

వెంకీ కాలికి రాడ్లు వేశారు. ఇక ఆడలేడని దవాఖానలో చెప్పారు. సర్టిఫికెట్ రాలేదు. రాజమల్లు రోజూ బస్సెక్కి దవాఖానకు పోయి అతని మంచం పక్కన కూర్చుని వస్తున్నాడు. విజయేందర్ ఎన్నిసార్లు పిలిచినా రాజమల్లు ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోలేదు.

వారం గడిచాక యాదవ్వ కుట్టిన చీరలు ఇవ్వడానికి దుకాణానికి వెళ్ళింది. విద్యావతి చీర అంచు తిరగేసి చూస్తూ, "ఏమే యాదవ్వా, ఆ వెంకీ పిలగాడు గూడ అమ్ముడుపోయిండట గదా" అంది.

యాదవ్వకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "ఎవరు చెప్పిన్రమ్మా?"

"అందరు అంటున్రు. కావాలనే పడ్డడట. పడితే ఇట్ల ఇరుగుతదని అనుకోలేదట, పాపం. మీ ఆయనకు గూడ ముందే ఎరుకట గదా. గందుకే తియ్యిన్రి తియ్యిన్రి అని మొత్తుకున్నడట."

బయట బస్సు హారన్ కొట్టింది. యాదవ్వ చేతిలోని చీరను గల్లాబల్ల మీద పెట్టింది. రాజమల్లును ఏమన్నా ఇన్నేళ్ళూ ఊరుకుంది. మంచంలో ఉన్న వెంకీని అనేసరికి ఊరుకోలేకపోయింది.

"అమ్మా, ఆ స్కూటర్ మాది గాదు. మా తమ్ముడు బిచ్చయ్య పనిచేసే దుకాణం సేటుది. ఆ పొద్దున మా ఆయన కాలు కింద పెట్టలేకపోతే, తమ్ముడు సేటును బతిలాడి తెచ్చి, వెనుక కూసోబెట్టుకుని దవాఖానకు తోలుకపోయిండు. మార్కెట్ ముందర అందరు చూసిన్రు. యాడికి పోతున్రని ఒక్కరు అడగలే."

విద్యావతి చీర మడతపెట్టింది. "మరి ఏం రంగుదే?" అంది.

"ఎర్రది" అంది యాదవ్వ. ఇంటికి పోయి కుట్టాల్సిన చీరలు సంచిలో సర్దుకుంది. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి ఇంకొక్క మాట చెప్పింది.

రాజమల్లుకు స్కూటర్ నడపడం అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.