తోక వచ్చేదాకా

సైకిళ్ళ గుంపులో అతన్ని అందరూ మైలురాయి అంటారు. ఆ పేరు పెట్టింది సొంత అన్నయ్యే. ప్రతి ఆదివారం పొద్దున్నే పద్నాలుగు మంది సైకిళ్ళేసుకుని ఊరి బయటి కొండల్లోకి పోతారు. లావుపాటి టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు, రాళ్ళదారి కోసమే చేసిన సైకిళ్ళు. పందెం లాంటిదేమీ లేదు. అడవిలోంచి పైదాకా ఎక్కడం, ఫ్లాస్కుల్లో తెచ్చుకున్న టీ తాగడం, మోకాళ్ళ గురించీ ఆఫీసుల గురించీ నాలుగు కబుర్లు చెప్పుకోవడం, అవతలి వైపు నుంచి దిగిపోవడం. అంతే.

అడవిలో దారి ఎక్కడపడితే అక్కడ చీలుతుంది కాబట్టి వాళ్ళకో పద్ధతి ఉంది. దారి చీలిన చోట ఒక మనిషి ఆగిపోవాలి. వెనకొచ్చే వాళ్ళకి ఎటు పోవాలో చెయ్యి చూపిస్తూ అక్కడే నిలబడాలి. గుంపులో అందరికంటే ఆఖర్న వచ్చే మనిషిని తోక అంటారు. తోక వచ్చేదాకా నిలబడ్డవాడు కదలకూడదు. ముందుండి నడిపించేది అన్నయ్య. తోక మందుల షాపాయన.

అవతలి వైపు దిగేటప్పుడు వచ్చే చిన్న చీలికల దగ్గర ఎవరో ఒకరు వంతుల వారీగా ఆగుతారు. ఎక్కేటప్పుడు వచ్చే పెద్ద చీలిక దగ్గర మాత్రం ఎప్పుడూ మైలురాయే. అక్కడ కుడి దారి కొండ మీదికి పోతుంది. ఎడమ దారి పాత రాళ్ళ క్వారీ అంచుదాకా పోయి ఠక్కున తెగిపోతుంది. మూడేళ్ళ కిందట ఒకాయన ఎడమకి తిరిగి, గోతిలో పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. "ఇక్కడ నమ్మకమైన మనిషి ఉండాలి, నువ్వుండరా" అన్నాడు అన్నయ్య. ఆ వారం నుంచీ ఉంటూనే ఉన్నాడు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా పైన వేడి టీ తాగలేదు. అతను చేరేసరికి ఫ్లాస్కు అడుగున మిగిలింది చల్లారిపోయి ఉంటుంది.

ఉండమంటే ఉండిపోవడం అతనికి ముందునుంచీ ఉన్న జబ్బే. కళ్ళద్దాల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే పని అతనిది. అద్దం మీద చుక్క పెట్టి, ఆ చుక్క సరిగ్గా కంటిపాపకి ఎదురుగా వచ్చేలా అంచులు అరగదీయాలి. వెంట్రుకవాసి జరిగినా పెట్టుకున్నవాళ్ళకి తలనొప్పి పట్టుకుంటుంది. అందుకని పొద్దున స్టూలు మీద కూర్చుంటే మధ్యాహ్నందాకా లేవడు. ఈ ఉద్యోగం దొరికిన కొత్తలో, ఏదైనా గది చూసుకునేదాకా ఓ రెండు వారాలుంటానని అన్నయ్య ఇంటికొచ్చాడు. "గదెందుకురా, నేను చచ్చానా?" అన్నాడు అన్నయ్య. ఆ రెండు వారాలకి ఇప్పుడు పందొమ్మిదేళ్ళు.

ఆ ఇంట్లో అతనికిచ్చింది హాలుకీ బాల్కనీకీ మధ్య గది. బట్టలారేయాలంటే వదిన అందులోంచే పోవాలి. ఫోన్ సరిగ్గా వినబడాలంటే అన్నయ్య అందులోంచే పోవాలి. అన్నయ్య కూతురికి పదిహేనేళ్ళు, పరీక్షల పిల్ల, వంటింటి బల్ల మీద పుస్తకాలు పరుచుకుని, చెవుల్లో దూది పెట్టుకుని చదువుకుంటుంది. మైలురాయి గదికి తలుపుంది గానీ వేసుకునే వీల్లేదు. ఎవరూ వద్దనలేదు. వేసుకుంటే బాగుండదని అతనే వేసుకోడు. ఒకప్పుడు కుదిరిందనుకున్న పెళ్ళి తప్పిపోయింది. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు, అతనూ ఎత్తలేదు. నలభై నాలుగేళ్ళ మనిషికి ఉన్న కోరికల్లా ఒక్కటే, తలుపు గడియ పెట్టుకుని ఓ పూట ఒక్కడూ పడుకోవాలని. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గానీ, అది అతన్ని లోపల్నుంచి తినేస్తోంది.

మూడు వారాల కిందట, ఉద్యోగం నుంచి రిటైరైన టీచరమ్మ ఒకావిడ కళ్ళద్దాలు తీసుకోవడానికి షాపుకొచ్చి, మాటల్లో తన మేడ మీద గది ఖాళీగా ఉందంది. సాయంత్రం వెళ్ళి చూశాడు. ఒక కిటికీ, విడిగా మెట్లు, లోపల గడియ. ఆవిడ కిందికి వెళ్ళగానే గడియ పెట్టి, ఓ నిమిషం ఊరికే నిలబడ్డాడు. తీసి బయటికొచ్చి, "నేను తీసుకుంటానండీ, ఇంట్లో ఒక మాట చెప్పి వస్తాను" అన్నాడు.

ఆ ఒక్క మాటా చెప్పడానికి మూడు వారాలు చాల్లేదు. అన్నయ్య గుండె పగిలిపోతుందని అతని భయం. భోజనాల దగ్గర నోరు తెరిచి నీళ్ళు అడిగాడు. ఒకసారి బాల్కనీలోకి వెంట వెళ్ళి, "వానొచ్చేలా ఉంది" అని వచ్చేశాడు. పోనీ చెప్పకుండా తాళం తీసుకోవచ్చు కదా అంటే, అలాంటి పని చేస్తే అతను మైలురాయెందుకవుతాడు. చివరికి టీచరమ్మే విసిగిపోయి ఫోన్ చేసింది.

"ఆదివారం ఒంటిగంటకి నేను మా చెల్లెలి ఊరు పోతున్నాను బాబూ. అప్పటికి మీరొస్తే తాళం మీది. లేదంటే కొత్తగా పెళ్ళైన జంట ఒకటి గది కోసం తిరుగుతోంది, వాళ్ళకిచ్చేస్తాను. ఏమీ అనుకోకండి."

ఆదివారం కొండ మీద, టీ తాగేటప్పుడు చెప్పేయాలని గుండె రాయి చేసుకున్నాడు. ఎక్కి అలిసిపోయాక అన్నయ్య కాస్త మెత్తబడతాడు. పదకొండున్నరకల్లా దిగిపోతే ఒంటిగంటలోపు టీచరమ్మ గుమ్మంలో ఉండొచ్చు.

తొమ్మిదీ పదికి పెద్ద చీలిక వచ్చింది. "ఉండరా" అన్నాడు అన్నయ్య, వెనక్కి తిరిగి చూడను కూడా చూడకుండా. మైలురాయి సైకిలు దిగి, ఎడమ దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఒక్కొక్కరే వచ్చారు. "ఇంకెంత దూరం మైలురాయీ?" అని ఒకరు, "రాయికి రంగు వెలిసిపోయింది, వేయించాలి" అని ఒకరు. పది మందిని లెక్కపెట్టాడు. ఇంకా ఇద్దరు రావాలి, తోక, తోకకి ముందు ఈ వారమే చేరిన బ్యాంకాయన.

పది దాటింది. ఎవరూ రాలేదు. కొత్త మనిషి కదా, తోక నడిపించుకుని వస్తున్నాడేమో అనుకున్నాడు. పదిన్నరయింది. చెట్లు గుబురుగా ఉండి అక్కడ ఫోన్ పలకదు. ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, బండ ఎక్కి చూశాడు. దిగువకి తిరిగి "ఓయ్" అని కేకేశాడు. కీచురాళ్ళు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలెట్టాయి. కాస్త కిందికి పోయి చూద్దామని నలభై అడుగులు వేశాడు. ఇంతలో ఆ ఇద్దరూ ఏ అడ్డదారినో వచ్చి ఎడమకి తిరిగితే? పరుగున వెనక్కి వచ్చాడు.

పదకొండయింది. పైన వాళ్ళు టీ తాగడం అయిపోయి ఉంటుంది. చెప్పాల్సిన మాట ఇక్కడే ఉండిపోయింది. కాళ్ళు పీకుతున్నాయి. మోకాళ్ళదాకా దోమలు కుట్టి దద్దుర్లు లేచాయి. పన్నెండుకల్లా కదిలితే తప్ప ఒంటిగంటకి అందుకోలేడు. వచ్చిన దారినే దిగిపోతే చాలు, కాళ్ళకి సంకెళ్ళేమీ లేవు, ఆపేవాడు లేడు. పన్నెండుకి పది నిమిషాలుండగా సైకిలెక్కాడు కూడా. ఒక పెడల్ తొక్కాడు. తను వెళ్ళిన అరగంటకి బ్యాంకాయన క్వారీలో పడ్డాడన్న వార్త వినబడ్డట్టే అయింది. ఆ వెనకే, "నమ్మి నిలబెడితే పోయావా?" అని అన్నయ్య మొహం. దిగిపోయాడు. ఇంకో పది నిమిషాలు చూద్దాం అనుకున్నాడు. పన్నెండైనప్పుడూ అదే అనుకున్నాడు, పన్నెండుంబావుకీ అదే. ఆ తర్వాత వాచీ చూడటం మానేశాడు. ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి కాస్త ఏడ్చాడు కూడా.

పన్నెండున్నరకి చక్రాల చప్పుడు వినిపించింది. దిగువ నుంచి ఒక్కడే, ఎర్రబడ్డ మొహంతో, బుస కొడుతూ అన్నయ్య. యాభై మూడేళ్ళ మనిషి, దిగిన కొండ మళ్ళీ ఎక్కొచ్చాడు. సైకిలు అక్కడే పడేసి తమ్ముడి రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"నిన్ను మర్చిపోయాన్రా" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు. "కింద వాగు దగ్గరే బ్యాంకాయన చక్రం వంగిపోయిందట. ఇద్దరూ రోడ్డు మీంచి ఇంటికి పోయారు. తోక మెసేజ్ పెడితే పైన అందరికీ చదివి వినిపించాను కూడా. సరే, వెనక ఎవరూ లేరు, పదండి అన్నాను. కార్లకి సైకిళ్ళు కడుతుంటే ఒకటి తక్కువ."

మైలురాయి అన్నయ్య భుజం మీదుగా దిగువ దారికేసి చూశాడు.

"అవునూ, మూడు గంటలైంది. నువ్వెందుకు కదల్లేదు?"

"నువ్వుండమన్నావు కదా."

"ఉండమంటే? ఇంతసేపా? అరగంట చూసి ఎవడైనా పోతాడు కదరా."

అన్నయ్య ఎగతాళికి అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. అది చూశాక మైలురాయికి ఒళ్ళు మండింది. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి మండింది. ఆ మంటలోనే మాట బయటికొచ్చేసింది.

"నేను వేరే గది చూసుకున్నాను అన్నయ్యా. ఒంటిగంటకి తాళం ఇస్తామన్నారు. నీకు చెబుదామని మూడు వారాల నుంచి చస్తున్నాను."

అన్నయ్య చేతులు అతని భుజాల మీంచి జారాయి. నేలమీద కూర్చున్నాడు. గుండె పగలడం అంటే ఇదే కాబోలు అనుకున్నాడు మైలురాయి, మాట వెనక్కి తీసుకుందామా అని కూడా అనుకున్నాడు. అన్నయ్య తల పట్టుకుని నవ్వాడు. ఏడవలేక నవ్వే నవ్వు కాదు, బరువు దింపుకున్న నవ్వు.

"చెప్పొద్దూ? నేనేమన్నా వద్దంటానా?" అన్నాడు. "రెండేళ్ళ నుంచి నేనూ మీ వదినా ఇదే గొడవ. పాపకి ఒక గది కావాలి, పాపం వంటింట్లో ఎన్నాళ్ళు చదువుతుంది. నీకెలా చెప్పాలో తెలీలేదు. నిన్ను పొమ్మన్నట్టుంటుందని నోరు మూసుకున్నాం. పాపకి కూడా చెప్పాం, బాబాయ్ దగ్గర ఆ మాటెత్తొద్దని."

రెండేళ్ళు. వంటింటి బల్ల దగ్గర ఆ పిల్లకి రోజూ టీ కప్పు అందించింది అతనే. చెవుల్లో దూది చూసి, ఎంత శ్రద్ధో అని మెచ్చుకున్నది కూడా అతనే. మైలురాయికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"పద పద, ఆలస్యమైపోతోంది" అని అన్నయ్యే తొందరపెట్టాడు. దిగేటప్పుడు రాళ్ళ మీద ఇద్దరూ పళ్ళు రాలిపోయేలా తొక్కారు. అడవి గేటు దగ్గరకొచ్చేసరికి ఒంటిగంటా పది. ఫోన్ పలికింది. మైలురాయి నాలుగడుగులు పక్కకి పోయి టీచరమ్మకి చేశాడు.

"ఇప్పుడే ఇచ్చేశాను బాబూ" అందావిడ. వెనక బస్సు హారన్లు. "ఒంటిగంట దాటి ఐదు నిమిషాలు కూడా చూశాను. ఆ పిల్లలిద్దరూ సామాను ఆటోలో పెట్టుకుని వచ్చి కూర్చున్నారు. ఇక మీరు రారేమో అనుకున్నాను."

"ఫర్వాలేదండీ. జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నాడు.

తిరిగి చూస్తే అన్నయ్య హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని, తడిసిన జుట్టుతో, అతని మొహంలోకే చూస్తున్నాడు. చిన్నప్పుడు ఈ తమ్ముడి రిజల్ట్స్ కోసం స్కూలు గేటు బయట నిలబడ్డప్పుడు కూడా అన్నయ్య మొహం ఇంత ఆశగా లేదు.

"ఏమన్నారు?"

ఉన్నమాట చెబితే ఏమవుతుందో మైలురాయికి తెలుసు. పోనీలేరా, తొందరేముంది, ఇంకోటి దొరికేదాకా ఉండు అంటాడు. మనస్ఫూర్తిగానే అంటాడు. ఇంటికి పోతే వదిన కంచంలో ఇంకో ముద్ద ఎక్కువ పెడుతుంది. పాప పుస్తకాలు సర్దుకుని వంటింట్లోకి పోతుంది. అందరికీ అంతా తెలిసి, ఎవరూ ఏమీ అనరు.

"ఇస్తామన్నారు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"రేపట్నుంచే."

అన్నయ్య గట్టిగా కౌగిలించుకున్నాడు. అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. "ఏమోయ్, వాడికి గది దొరికిందట. రేపే దిగుతాడట." అవతల వదిన ఏదో అంది. ఆ మాట పూర్తికాకుండానే పాప వేసిన కేక స్పీకరు లేకుండానే మైలురాయి చెవిన పడింది. అంత సంతోషంగా ఆ పిల్ల అరవడం అతనెప్పుడూ వినలేదు.

"సామాను సర్దడానికి నేనూ వస్తాను రేపు. ఏ వీధి?" అని అడిగాడు అన్నయ్య.

కళ్ళద్దాల షాపు వెనక గదిలో, అద్దాలు అరగదీసే మిషన్ పక్కన, మనిషి కాళ్ళు ముడుచుకుంటే పట్టేంత జాగా ఉంది. తాళం అతని దగ్గరే ఉంటుంది.

"నువ్వెందుకులే అన్నయ్యా" అన్నాడు మైలురాయి. "ఉన్నవి రెండు పెట్టెలే. నేను చూసుకుంటాను."