మేకలు ముట్టని కంచె

మేకలు దాన్ని ఎందుకు ముట్టవో నేను అడగలేదు. ప్రశ్న మీద ప్రశ్న వేసి మనిషిని చంపుతావని మా ఆయన నన్ను దెప్పుతుంటాడు. అలాంటిదాన్ని, అడగాల్సిన ఆ ఒక్క ప్రశ్నా అడగలేదు.

మాది మల్కాపురంలో చిన్న బడి. నేను నాలుగో తరగతి టీచర్ని. పెరిగింది రాజమండ్రి. మా ఆయనకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చాక ఈ ఊరు చేరాం. మా పిల్లల తండ్రులు ఎక్కువమంది పోర్టులోనో రిఫైనరీలోనో కాంట్రాక్టు పనికి పోతారు. ఒకరోజు క్లాసులో "వేరుశనగలు ఎక్కడ కాస్తాయర్రా?" అని అడిగితే, "సెట్టుకి టీచర్" అన్నాడొకడు. "కాదు, ప్యాకెట్లో" అన్నాడు ఇంకొకడు. నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. పెందుర్తి దాటితే చేలే కదర్రా, మీ తాతలు దున్నినవే కదర్రా అని కేకలేశాను. ఆ మంటలోనే బడి వెనక ఖాళీగా ఉన్న జాగాలో తోట మొదలుపెట్టాను.

మొదటిసారి వేసిన వంగ మొక్కలూ తోటకూరా రెండు రోజుల్లో వీధి మేకల పాలయ్యాయి. మేకలావిడ ఇంటికెళ్ళి దెబ్బలాడాను. "మేకకేటి తెలుస్తాదమ్మా, అది బడని" అని నా మొహమ్మీదే నవ్వింది. బడికొచ్చి విసవిసలాడుతుంటే, మధ్యాహ్న భోజనం వండే ఆవిడ చూసి ఊరుకుంది. మర్నాడు వాళ్ళ పల్లె నుంచి ఒక మోపు పచ్చి కొమ్మలు తెప్పించింది.

"నేపాలం కొమ్మలమ్మా. గుచ్చీడమే. నీల్లొద్దు, ఎరువొద్దు. మేక నోరెట్టదు."

అవేమిటో పల్లెటూళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు కాబట్టి, నాకు చెప్పాలని ఆవిడకి తట్టలేదు. మా వైపు దాన్ని అడవాముదం అంటారు. పేరు విన్నానేగానీ, టౌనులో పెరిగినదాన్ని, చెట్టు ఎరగను. రెండేళ్ళలో తోట చుట్టూ నా భుజం ఎత్తు కంచె లేచింది. గుత్తులు గుత్తులుగా కాయలు కూడా కాసింది. చూసుకుని ఎంత మురిసిపోయానో.

తోటలో పిల్లలకి రోజూ అవే మాటలు చెప్పేదాన్ని. కడుక్కుని తినండి. ఒక్కరే తినకండి, పంచుకోండి. ఏది పండినా కొంచెం విత్తనానికి దాచండి. ఇవి కాక, "ఈ తోటలో కాసింది ఏదైనా మనం తినొచ్చు" అని కూడా అన్నాను. ఒకసారి కాదు, వందసార్లు అని ఉంటాను. నా నోరు పడిపోను.

ఆ రోజు పొద్దున్న మా వేరుశనగ మడి పీకించాను. వేళ్ళకి వేలాడుతున్న కాయలు చూసి పిల్లలు గంతులేశారు. ఒక కాయ ఒలిచి అందరికీ చూపించాను. "పైన మట్టి కొట్టుకున్నా, నల్లబడినా అది తొక్కేనర్రా. లోపల తెల్లగా ఉందా, మంచి గింజన్నమాట" అన్నాను. తలా రెండేసి కాయలు పంచేసరికి అయిపోయాయి. ముందు బెంచీలో ఎర్ర రిబ్బన్ల పిల్ల నా ఖాళీ చేతుల వంక చూసి, "మీకు లేవేటి టీచర్?" అంది. "మీరు తింటే నేను తిన్నట్టేనే" అన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యి, పిల్లలు ఆడుకుని వచ్చి కూర్చున్న కాసేపటికి వెనక బెంచీలో ఒకడు వాంతి చేసుకున్నాడు. ఎండలో గెంతి ఉంటాడనుకున్నాను. వాడికి నీళ్ళు పడుతుండగానే ఇంకొకరు, ఆ పక్కన మరొకరు. "గొంతు మండిపోతంది టీచర్" అని ఒక పిల్ల నా చీర పట్టుకుని కింద కూలబడిపోయింది. లెక్కపెడితే పదకొండు మంది.

మా పేటలో పదిమంది ఒకేసారి వాంతులు చేసుకుంటే అందరి చూపూ పైకే వెళుతుంది. నేనూ అలాగే కిటికీలోంచి రిఫైనరీ చిమ్నీ వంక చూశాను. కిటికీలు మూయించి, చున్నీలూ రుమాళ్ళూ తడిపి పిల్లల మొహాలకి కట్టించాను. ఎవరు అరిచారో తెలియదు, "గేసు! గేసు!" అని వీధంతా పాకిపోయింది. ఐదు నిమిషాల్లో తల్లులు పరిగెత్తుకొచ్చి, దొరికిన పిల్లని దొరికినట్టు లాక్కుపోయారు. ఎవరు ఎవరితో వెళ్ళారో నేను రాసుకోలేదు.

వంటావిడ మాత్రం గుమ్మంలో నిలబడి గాలి పీల్చింది. ఒకసారి, ఇంకోసారి. ఏమనుకుందో ఏమో గబగబా తోటవైపు వెళ్ళి, గుప్పిట్లో ఏవో పట్టుకుని ఏడుస్తూ వచ్చింది.

"ఓలమ్మో! గేసు కాదు టీచరమ్మా. కంచెకున్న నేపాలం గింజలు తినీసినారు. ఇసమమ్మా అది!"

గుప్పిట విప్పింది. పగిలిన నల్లటి తొక్కలు. వాటి మధ్య ఎవరో సగం కొరికి వదిలేసిన గింజ, తెల్లగా ఉంది. నా పాఠమే అది. లోపల తెల్లగా ఉంటే మంచిదని చెప్పింది నేనే కదా.

ఒకటి చెప్పాలి. ఆ క్షణంలో, గ్యాసే అయితే బాగుండును అనుకున్నాను. పిల్లల కోసం కాదు, తప్పు నాది కాకుండా పోతుందని. అలా అనుకున్నందుకు ఇప్పటికీ నన్ను చూస్తే నాకే అసహ్యం వేస్తుంది.

నూటెనిమిది బండ్లు రెండు వచ్చి, వాంతులైన పదకొండు మందినీ తీసుకెళ్ళాయి. ఆసుపత్రిలో ఒక్కో మంచానికి ఇద్దరేసి పిల్లలు, చేతులకి సెలైన్లు. నేను మంచానికీ మంచానికీ మధ్య పిచ్చిదానిలా తిరుగుతున్నాను. డాక్టరమ్మ కుర్రది. "ఏడుపు ఆపండి ముందు" అని నన్ను కసిరి, "వీళ్ళు కాస్త పెద్దపిల్లలు, తేరుకుంటారు" అంది. ఆవిడన్నట్టే పదకొండు మందీ మర్నాడు సాయంత్రానికి లేచి కూర్చున్నారు. కానీ అప్పుడు ఆవిడ ఆ మాటతో ఆపలేదు. "ఇంటికి ఎవరూ పట్టుకెళ్ళలేదు కదా? రెండేళ్ళ పిల్లలకి పెడితే చాలా కష్టం" అంది.

కళ్ళు మూసుకుని పడుకున్న పిల్లాడొకడు కళ్ళు తెరిచాడు. ఎర్ర రిబ్బన్ల పిల్ల పేరు చెప్పి, "అది తిన్నేదు టీచర్. జోబులో ఎట్టుకుని ఇంటికెల్లిపోనాది" అన్నాడు.

ఆ పిల్లకి ఇంట్లో రెండేళ్ళు నిండని చెల్లెలుంది. ఏదీ ఒక్కరే తినకండి, పంచుకోండి అని నేనేగా నేర్పాను!

వాళ్ళ ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్. పిల్లల్ని హెడ్మాస్టారికి అప్పజెప్పి ఆటో ఎక్కాను. రోడ్డు మీద ట్యాంకర్లు కదలటం లేదు. గ్యాసని భయపడి ఇళ్ళు వదిలిన జనం మూటలతో, పిల్లలతో ఎదురొస్తున్నారు. "ఏటి మేడమ్, గేసు లీకైందంట కదా?" అన్నాడు ఆటో అతను. కాదని తల ఊపి, డబ్బులు అతని చేతిలో పెట్టేశాను. ఆటో దిగి పరిగెత్తాను. చెప్పు తెగిపోతే రెండోది కూడా అక్కడే వదిలేశాను. వాళ్ళ ఇల్లు కొండవాలులో ఉంది. ఒక్కో మెట్టు ఎక్కుతుంటే, పైనుంచి ఏడుపులు వినిపిస్తాయేమోనని చెవులు మూసుకోవాలనిపించింది. అంత భయం నా పురుడప్పుడు కూడా ఎరగను.

ఇంట్లో అమ్మా నాన్నా లేరు. మామ్మ గోడకి చేరగిలబడి కూర్చుంది. చాప మీద చంటిది పడుకుని ఉంది. పిలిచాను, పలకలేదు. చెంప మీద తట్టాను, కదల్లేదు. పెదవి చివర ఏదో తెల్లగా అంటుకుని ఉంది. రెండు చేతులతో దాన్ని లేవనెత్తి, నోరు తెరిచి వేలు పెట్టేశాను. అది కెవ్వుమంది.

"ఏటమ్మా, పడుకున్న గుంటని అలాగ లాగేత్తన్నావ్!" అని మామ్మ నా మీద విరుచుకుపడింది.

నా వేలికి వచ్చింది పెరుగన్నం మెతుకు. దాన్ని వాసన చూశాను, నలిపి చూశాను. మెతుకే.

అప్పుడే ఎర్ర రిబ్బన్ల పిల్ల చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చింది. భుజాలు పట్టుకుని "గింజలేవే?" అని అరిచాను. బెదిరిపోయి గుమ్మం పక్కనున్న పాత రంగు డబ్బా చూపించింది. నిండా మట్టి.

"ఇత్తనాలకి దాయమన్నారు కదా టీచర్. పాతీసినాను."

అక్కడే చతికిలబడి ఏడ్చేశాను. ఏడుస్తూనే, "ఎన్ని?" అన్నాను.

"మూడు కాయలు తెంపినాను. కాయకి మూడు. తొమ్మిది."

డబ్బా బోర్లించి మట్టంతా వేళ్ళతో జల్లించాను. ఎనిమిది. మళ్ళీ వెతికాను. ఎనిమిదే.

"ఇంకోటేదే?"

చెల్లెలి వంక చూసింది.

"దానికి పెట్టావా?" తల అడ్డంగా ఊపింది. "నువ్వు తిన్నావా?" దానికీ అడ్డంగానే. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ పిల్లనీ కొట్టనిదాన్ని, చెయ్యెత్తాను.

"కొట్టొద్దు టీచర్, ఇచ్చేత్తాను" అని ఏడుస్తూ లోపలికి పరిగెత్తింది. పుస్తకాల సంచిలోంచి జామెట్రీ బాక్సు తెచ్చింది. అందులో నోటుబుక్కు కాయితం పొట్లం ఉంది. విప్పింది. తొమ్మిదో గింజ. నల్ల తొక్క ఒలిచి, శుభ్రంగా కడిగి ఉంది.

"ఇది మీకని దాసినాను. పొద్దున్న మాకందరికీ ఎట్టీసి మీరు తిన్నేదు కదా టీచర్."

గింజని నా అరచేతిలో పెట్టింది. తర్వాత మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ, నేను ఎప్పుడు నోట్లో వేసుకుంటానా అని నా మొహంలోకే చూస్తూ నిలబడింది.