రంగప్ప సార్ బసవన్న

ఎండకు కాలిన బండ మీద నీళ్లు పడగానే లేచే వాసన నన్ను ఇప్పటికీ ఒక గుట్ట మీదికి తీసుకుపోతుంది. మొన్న వడియాలు పెట్టడానికని మిద్దె కడుగుతూ, పని మధ్యలో వదిలేసి అక్కడే కూర్చుండిపోయాను. రంగప్ప సార్ గుర్తొచ్చారు. పోయి ఇన్నేళ్లయినా ఆ మనిషి మీద బెంగ తీరదు నాకు.

తొంభైల చివర మడకశిర దగ్గరి ఒక హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. ఆయన అక్కడ సోషల్ చెప్పేవారు. బోర్డు మీద లెక్క తప్పితే గబగబా చెరిపేసి, పిల్లలు చూశారేమోనని చెమటలు పట్టే రోజులవి నాకు. ఊరికి మూడు మైళ్లలో గుట్ట, అందులో ఒక గవి, చిన్న గుహ లాంటిది. దాని గోడ మీద ఏ కాలపు మనుషులో ఎర్రమట్టి రంగుతో వేసిన బొమ్మలు. ఏటా తొమ్మిదో తరగతిని అక్కడికి నడిపించుకుని పోవడం సార్ ఆనవాయితీ. నన్నూ రమ్మనేవారు. ఆయన భుజాన ఎప్పుడూ ఐదు లీటర్ల క్యాను. తాగడానికి కాదు. బోర్లు ఎండి, ట్యాంకరు కోసం జనం బిందెలు వరసలో పెట్టిన ఏళ్లలో కూడా అది నిండుగానే ఉండేది.

"చూడండప్పా, ఇప్పుడొస్తాడు మా బసవన్న!" అంటూ చెంబుతో నీళ్లు బండకేసి కొట్టేవారు. తెల్లటి పొర కింద వట్టి మరకలా ఉన్నచోట మూపురం, కొమ్ములు, తోకతో సహా ఎద్దు నిన్న వేసినంత ఎర్రగా లేచి నిలబడేది. పిల్లలు ఒకటే కేకలు. నేనూ చప్పట్లు కొట్టేదాన్ని, చెప్పుకోవడానికి సిగ్గెందుకు! తడి ఆరిపోయేలోపు ఇంకో చెంబు, ఆపైన ఇంకోటి. ఆయనకు ముందు అక్కడ గొర్రెలు కాసేవాళ్లూ అట్లాగే చూసుకునేవారట.

కొన్నేళ్లకు బొమ్మలు పరిశీలించడానికి ఒక అధికారి వచ్చాడు. సార్ అతణ్ణి వియ్యంకుడికి చేసినంత మర్యాదగా తీసుకుపోయి క్యాను మూత తీశారు. అతను చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"నీళ్లు పోయకండి మాస్టారూ. ఈ తెల్ల పొరంతా నీళ్ల వల్లే. ఇట్లాగే పోస్తే బొమ్మ మిగలదు."

సార్ క్యాను మూత బిగించారు. గుట్ట దిగాక క్యానులోని నీళ్లు ఒక తంగేడు మొదట్లో వంచేసి, "ఇరవై ఏండ్లు నా చేత్తో నేనే చెరిపినాను కదమ్మా" అన్నారు. ఆ మొహం చూడలేకపోయాను.

ఇక ఆ ఊసే ఎత్తరనుకున్నాను. నేనైతే ఎత్తేదాన్ని కాదు. ఆ సోమవారం ప్రార్థన అయ్యాక బడి మొత్తం ముందు నిలబడ్డారు.

"మీకు చూపిస్తానని ఆ బొమ్మల్ని నేనే పాడు చేసినాను. నన్ను చూసి మీ అన్నలు, అక్కలు గూడా నీళ్లు పోస్తాండారు. తప్పు నాది. ఇంగ ఎవురూ నీళ్లు పోయొద్దండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ మధ్యాహ్నం నేను బోర్డు మీద ఒక లెక్క తప్పాను. చెరపబోయి ఆగి, "తప్పు చేసినాను, యాడో చెప్పండి" అన్నాను పిల్లలతో. పంతులమ్మనైంది ఆ రోజే అనుకుంటాను.

తర్వాత గుట్ట చుట్టూ కంచె వేసి, మెట్లు కట్టి, పార్కు అన్నారు. సార్ రిటైరయ్యారు. చక్కెర జబ్బు చూపును తినేసింది. ఒకరోజు కబురంపారు, ఒక్కసారి పోయొద్దాం రమ్మని. నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కారు. ఎదురుగా ఉన్న బండ కూడా ఆయన కంటికి ఆనలేదు.

"చూడమ్మా, ఉండాడా మా బసవన్న?"

చూశాను. పక్కకు జరిగి చూశాను, వంగి చూశాను. తెల్లటి పొర తప్ప ఏమీ లేదు.

"ఉండాడు సార్."

"కొమ్ములు?"

"కొమ్ములు గూడా."

ఆయన బండకు రెండు చేతులూ జోడించారు. "బతికించినావు తల్లీ" అన్నారు. ఆ ఏడే పోయారు.

అప్పటినుంచీ తరగతిలో చేసిన ప్రతి తప్పూ పిల్లల ముందు ఒప్పుకుంటూనే వచ్చాను. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. తప్పును పదిమందిలో ఒప్పుకోవడం నేర్పిన మనిషికే అబద్ధం చెప్పాను. సార్ ఉంటే ఆయన దగ్గరైనా ఒప్పుకునేదాన్నా? ఏమో. ఆయన మళ్లీ నా చెయ్యి పట్టుకుని అడిగితే, కొమ్ములున్నాయనే చెబుతాను.