అంచుల్లో రాసుకున్న ఆకాశం

ఆ పుస్తకాలు మూడు. పోయిన శతాబ్దంలో ఒక ఇంగ్లీషాయన మామూలు మనుషుల కోసం నక్షత్రాల గురించి రాసినవి. సూర్యాపేట గ్రంథాలయంలో వాటిని జ్యోతిషం బీరువాలో, జాతకాల పుస్తకాల మధ్య పెట్టారు. కొత్త రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, యాభై ఏడులో, నా కంట పడ్డాయి.

అప్పటికి నాకు ముప్పై దాటాయి. ఉర్దూ మీడియంలో ఏడో తరగతి వరకే చదివాను. మిర్యాలగూడ దగ్గర కాలువ సర్వేలో లెవెల్ కర్ర పట్టుకోవడం నా పని. ఇంజనీరు దూరం నుంచి దుర్భిణిలో కర్ర మీది అంకె చదివేవాడు. ఆ అంకెలతో ఏం చేస్తారో అడుగుతూ, అడుగుతూ త్రికోణమితి దాకా సొంతంగా నేర్చుకున్నాను.

నిఘంటువు పక్కన పెట్టుకుని మొదటి పుస్తకం పూర్తి చేయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. పూర్తయ్యాక సంతోషం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. తలెత్తి చూసే ఎవరికైనా పనికొస్తాయని నెలకొకటి చొప్పున పన్నెండు పటాలు గీశాడాయన. సప్తర్షులు ఎన్నడూ అస్తమించరన్నాడు. కార్తీకంలో మా వాకిట్లో పొద్దుగూకాక సప్తర్షులు ఉండనే ఉండరు. అగస్త్య నక్షత్రం ఒక్క పటంలోనూ లేదు. లండన్‌లో అది పొడవదు కాబట్టి లేదు. ఆ ‘ఎవరికైనా’లో మేము లేము.

దారానికి గుండు కట్టి, కోణమానినితో ధ్రువుడి ఎత్తు కొలిచాను. పదిహేడు డిగ్రీలు. తొంభైలోంచి అది తీసేస్తే డెబ్బై మూడు. పుస్తకం చివరి పట్టిక ప్రకారం అగస్త్యుడు ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన యాభై మూడు డిగ్రీల మీద ఉంటాడు. అదీ తీసేస్తే ఇరవై, మా దగ్గర అతను ఎక్కే గరిష్ఠ ఎత్తు. ఫాల్గుణంలో చీకటి పడగానే వేములపల్లి వరి పొలాల గట్టు మీద నిలబడి కొలిచాను. సరిగ్గా ఇరవై.

ఇక ఆగలేదు. ఆరేళ్లు, మూడు పుస్తకాల్లోని ప్రతి నక్షత్రానికీ మా ఊరి లెక్క కట్టాను. ఏ నక్షత్రం అంకె ఆ నక్షత్రం పక్కనే ఉండాలని, దాని వరుసకు ఎదురుగా అంచులో సన్నగా పెన్సిల్‌తో రాశాను. గ్రంథాలయం పుస్తకం మీద రాయకూడదని గోడకు బోర్డు ఉంది. తెలిసే రాశాను.

ఒకరోజు గ్రంథపాలకుడు పుస్తకాలు నా ముందు పెట్టాడు. కుట్లు ఊడిపోయి ఉన్నాయి.

“గిట్ల ఊడినయి లిస్టు రాసి తీసెయ్యాలె. మూడూ ఖతం.”

“తీసెయ్యకుండ్రి సారూ. కోదాడల కుట్టించుకొస్త.”

“ఎవరు సదువుతరయ్యా? తేదీల చీటీ మీద పైనుంచి కిందిదాంక అన్నీ నీ నంబర్లే!”

కోదాడలో రోడ్డు పక్కన ఆఫీసు రిజిస్టర్లు కుట్టే బైండరుకు పుస్తకాలు అప్పగించాను. పేజీలు లెక్కపెట్టి చూపించాను. పటాల వరుస కాగితం మీద రాసిచ్చాను. కుట్టు అచ్చు మీదికి రాకూడదని రెండుసార్లు చెప్పాను. కుట్టాక మూడు పక్కలా కత్తిరించి చదును చేయడం వాళ్ల పద్ధతని నాకు తెలియదు.

వారం తర్వాత వెళితే పుస్తకాలు మెరిసిపోతున్నాయి.

“చూడన్నా, ఎట్లా వచ్చినయ్యో! ఎవడో పిచ్చోడు చుట్టూ పెన్సిల్‌తో గీకి పెట్టాడు. వేలి వెడల్పున లేపేసి నీట్‌గా చేశా.”

“ఆ పిచ్చోణ్ణి నేనే.”

నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు. “మరి చెప్పొద్దా అన్నా? కొయ్యకుండా బైండింగ్ ఎక్కడన్నా ఉంటుందా? ఇదిగో, ముక్కలు ఇంకా పారెయ్యలా.”

గోనెసంచీ నా ముందుకు తోశాడు. చెయ్యి పెడితే రిబ్బన్లలాంటి కాగితం ముక్కలు వచ్చాయి. ఇరవై. అరవై ఒకటి. ముప్పై నాలుగు. నా చేతిరాతే. ఏది ఏ నక్షత్రానిదో తెలియదు. పేర్లు పుస్తకంలో, అంకెలు సంచిలో.

బైండరు మీద అరిచాను. అరిచినకొద్దీ ఇంకా మండింది. అతను ప్రతి రిజిస్టరుకూ చేసేదే చేశాడు. పేజీలన్నీ లెక్కపెట్టిన నేను అంచుల మాట ఎత్తలేదు. దొంగచాటుగా రాసినవాడు కాపాడమని ఎట్లా చెప్తాడు?

సూర్యాపేటలో గ్రంథపాలకుడు పుస్తకాలు తిప్పి తిప్పి చూశాడు.

“షాబాష్! కొత్తయే అనుకుంటరు. ఇగ ఈడ సంతకం పెట్టు.”

రిజిస్టరులో ఒక గడి మీద ‘పుస్తకంలో రాతలు’ అని ఉంది. దాని కింద ఆయన ‘లేవు’ అని రాశాడు. నా ఆరేళ్లు లేవని నా చేతే సంతకం పెట్టించాడు. నోరు తెరిస్తే తప్పు నాదే. సంతకం పెట్టాను.

మొదటి పుస్తకాన్ని అక్కడికక్కడే మళ్లీ నా నంబరు మీద తీసుకున్నాను. బల్ల దగ్గర కూర్చుని, ఈసారి సొంత నోటుబుక్కు తెరిచి, మొదటి నక్షత్రం పేరు రాశాను. దాని కింద తొంభై వేశాను. పదిహేడు వేస్తుంటే పెన్సిల్ ముక్కు విరిగింది.