అద్దం లోపలి ఆవిరి

దయ్యాలను నేనేనాడూ నమ్మలేదు. బడి మొహం చూడకపోయినా, పొట్లాలు కట్టిన పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాడిని. డిగ్రీలున్నవాళ్లు తాయెత్తులు కట్టుకుంటే మొహమ్మీదే తిట్టినవాడిని. అయినా ఇది రాస్తున్నాను.

తొంభైల్లో డ్రైవర్ పనని చెప్పి ఏజెంటు నన్ను బహ్రెయిన్ పంపాడు. తీరా దిగాక సల్మాబాద్ వర్క్‌షాపులో పటాలు కట్టే పని. సిగ్గేసి ఇంటికి చెప్పలేదు. మా ఊరికి నేను డ్రైవర్‌నే.

ఒక ఆగస్టులో అక్కడి మహూజ్ పేట నుంచి ఎవరో పటాలు కట్టమని ఐదు బొమ్మలు పంపారు. ఈ కాలపు చైనా చిత్రకారుడు గీసినవట. అన్నింటిలోనూ ఒంటరి పిల్లలే. బాల్యమంటే ఆటపాటలంటాం కదా, అతను మాత్రం ఎవరూ రాని గదిలో ఎదురుచూపులా గీశాడు.

అప్పటికి ఊళ్లో నా ఐదేళ్ల బిడ్డ లక్ష్మికి వారంగా జ్వరం. నన్ను పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్‌ను సెలవడిగాను. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. ముందు ఈ పటాలు ఖలాస్ చెయ్యి, పని పూర్తయ్యాక చూద్దామన్నాడు. మనిషిని బీరువాలో పెట్టి తాళమేసే ఆ పద్ధతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మంగళవారం పొద్దున పదింటికి ఐదో బొమ్మ పట్టాను. మంచం అంచున కూర్చున్న పాప. ముఖం నిండా కళ్లే. అద్దం తుడిచి బిగించాను. పాప నోటి దగ్గర ఆవిరి పట్టింది. తుడిస్తే పోలేదు. అది లోపలివైపు ఉంది.

అద్దం తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడే.

పక్కన చెక్క కోస్తున్న హైదరాబాదీ ఖాజా నవ్వాడు. "ఏంది భాయ్, బొమ్మకు పానం పోస్తున్నవా? ఉక్కపోత అది. తుడువ్, యల్లా!"

మిగతా నాలుగింటికీ లేని ఉక్కపోత!

మూడోసారి తుడిచి పెట్టాను. పట్టలేదు. హమ్మయ్య అనుకుని, వెనక అట్ట వేసి మేకులు కొట్టేశాను.

ఆ సాయంత్రమే ఫోనొచ్చింది. లక్ష్మి పోయింది.

పాస్‌పోర్టు ఇంకా చేతికి రాకముందే, సెలవుకెళ్లి తిరిగొచ్చిన మా ఊరి మనిషి ఒకడు ఇంటివాళ్లు మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్ తెచ్చిచ్చాడు. అందులో నా భార్య గొంతు.

"పగటీలి పన్నెండున్నరకు పొయ్యిందయ్యా. 'అవ్వా, బాపు అద్దం అవుతల నిలవడ్డడు. నా మూతికాడ తుడుస్తుండు. పిలుస్తె ఇనవడ్తలేదు' అన్నది. గదే ఆఖరి మాట."

అక్కడ పన్నెండున్నరంటే బహ్రెయిన్‌లో పది.

నేను అద్దాల పని చేస్తున్నానని ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలివైనవాళ్లు ఉక్కపోతంటారు, జ్వరంలో పలవరింతంటారు. అననివ్వండి. ఇన్నేళ్లు ఆలోచించినా నాకైతే అంతు చిక్కలేదు. మూడోసారి ఆవిరి పట్టనప్పుడు హమ్మయ్య అనుకున్నవాడిని మాత్రం నేనే.